ఎర్ర దారం కట్టిన కౌజు పిట్టలు

మా బస్సు ఎందుకు లేటయిందని పొద్దున్నుంచి అడిగినోళ్ళే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. సరే, కూర్చోండి, చెప్తా. నాకూ ఒక గ్లాసు టీ పొయ్యండి. ఈ బిస్కెట్ ప్యాకెట్టా? ఉండనీ, తర్వాత చూద్దాం. ముందు ఓబులేసన్న ఆ గుడారంలో నిద్రపోతున్నాడో లేదో ఎవరన్నా తొంగి చూసి రండి. నిద్రపోతున్నాడా? గురక వినిపిస్తోందా? అయితే పర్వాలేదు. ఆయన గాని వింటే నన్ను ఈ జోర్డాన్ ఎడారిలోనే పాతిపెట్టి తను మాత్రం విమానం ఎక్కి పోతాడు.

అందరి బస్సులనూ ఇరాక్ మిలిటరీ ఆపింది కదా! మా బస్సును మాత్రం మా కడుపులే ఆపినాయి. దానికంతటికీ కారణం ఎవరో తెలుసా? నేనే!

మంగఫ్‌లో మా కంపెనీ క్యాంపు మీకు తెలిసిందే. ఇరాక్ వాళ్ళు కువైట్ మీద వచ్చి పడినాక మేనేజర్లు, ఫోర్‌మన్లు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. మిగిలింది మేము, మా రేకుల రూములు, ఒక బస్సు. ఆ బస్సు డ్రైవరే మన ఓబులేసన్న. నాది రాయచోటి పక్క, ఆయనది పులివెందుల పక్క. బస్సు తాళం మొలతాడుకు కట్టుకొని తిరిగేవాడు. బయట ఎక్కడన్నా నిలిపితే మిలిటరీ వాళ్ళు టైర్లు కూడా ఊడదీసుకొని పోతారని, బీడీలకు పోవాలన్నా బస్సులోనే పోయేవాడు. డీజిలు ఎక్కడ దాచినాడో ఆ దేవుడికే తెలియాల. శనివారం తెల్లారేసరికి బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు బయల్దేరతా అన్నాడు.

సీట్లన్నీ నిండిపోయినాయి. డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద ఒక్క మనిషి కూర్చునే చోటు మిగిలింది. ఆ ఒక్క చోటు కోసం క్యాంపులో సగం మంది ఆయన వెనకాలే! ఒకడు కాళ్ళు పిసుకుతాడు, ఒకడు గుడ్డలు ఉతుకుతాడు, ఒకడు ఆయన చెప్పిన పాత కథలకే కొత్తగా నవ్వుతాడు. ఆయన ఎవరికీ మాటివ్వడు. "చూద్దాం లేప్పా" అంటాడు. అంతే.

నాకు ఆ చోటు కావాల. నవ్వకండి, ఈ ఒక్క మాట నిజంగా చెప్తున్నా. పెళ్ళయి పసుపు బట్టలు మాయకముందే నేను ఇక్కడికి వచ్చేసినా. గొడవ మొదలైనప్పటి నుంచి ఫోన్లు లేవు, జాబులు లేవు. నేను ఉన్నానో పోయినానో మా లక్ష్మిదేవికి తెలియదు. ఆమె ఎంత ఏడుస్తోందో అనుకుంటే ముద్ద గొంతు దిగేది కాదు. ఈ బస్సు తప్పితే మళ్ళీ బస్సు ఉంటుందో లేదో కూడా తెలియదు.

కాళ్ళు పిసకడం నాకు చేతగాదు. నేను ప్లంబర్ని. పైపులు తప్ప ఇంకేదీ సరిగ్గా పట్టుకోలేను. అందుకని ఆలోచించినా. ఈ మనిషి బలహీనత ఏంది? తిండి! అందులోనూ వేట మాంసం. చెవులపిల్లి మాట ఎత్తితే చాలు, ఆయన కళ్ళు మూసుకొని మాట్లాడతాడు. "మా గుట్టల్లో వల పన్నితే కౌజులు ఎట్ల పడేవిరా..." అంటూ గుటకలు మింగుతాడు. రోజూ పప్పునీళ్ళు, డబ్బా చేపలు తిని తిని నాలుక చచ్చిపోయిన మనిషి. ఇంకొకటి కూడా చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఒక పెద్ద హోటలు చూసినాడంట. అక్కడే పెద్ద పెద్ద పీపాల్లో బీరు కాస్తారంట, కొళాయి తిప్పితే గ్లాసులోకి బీరే వస్తుందంట! చచ్చేలోపల అట్లాంటి చోట కూర్చొని తినాలని ఆయన కోరిక.

అప్పుడు నాకు సామ్యేలు గుర్తొచ్చినాడు.

సామ్యేలుది నరసాపురం. బ్నీద్ అల్ గార్‌లో ఒక పెద్ద విల్లాలో వంటమనిషి. గొడవకు ముందే వాళ్ళ కఫీల్, అదే యజమాని, ఇంటిల్లిపాదీ సెలవులకు విదేశం పోయినారు, అక్కడే ఉండిపోయినారు. పోయేముందు మామా, అంటే ఆ ఇంటావిడ, అసలు ఇంటికి తాళం వేసి, వంటిల్లు, వెనక గదులు, మగవాళ్ళు కూర్చునే దివానియా హాలు మాత్రం ఇతని చేతిలో పెట్టి పోయింది. ఆ కఫీల్ పెద్ద వేటగాడు. వెనక గదిలో రెండు ఫ్రీజర్ల నిండా మాంసం! కరెంటు పోతూ వస్తూ ఉంటే కుళ్ళిపోతుందని సామ్యేలు ఏం చేసినాడు? దివానియాలో హోటలు పెట్టేసినాడు. బియ్యమో, చక్కెరో, గ్యాసు బండో తెచ్చినవాళ్ళకు వేట కూరతో భోజనం. తాగడానికి మత్తులేని మాల్టు డబ్బాలు ఒక డ్రమ్ములో పోసి, చక్కెర, బ్రెడ్డు పొంగించే పొడి వేసి మూత పెట్టేవాడు. అది మూత తీసేసరికి మత్తు లేనిది కాస్తా మత్తున్నది అయ్యేది. బీరూ కాదు, కల్లూ కాదు, రెంటికీ దూరపు చుట్టం అనుకోండి.

నేను గురువారమే అక్కడికి పోయినా. విషయమంతా చెప్పి, "సామ్యేలన్నా, రేపు మధ్యాహ్నం ఒక పెద్దమనిషిని తెస్తా. కొళాయి తిప్పితే బీరు రావాల" అన్నా.

"కొళాయిలోంచా? ఎలా వస్తుందండీ?"

"నేనుండాను కదా!"

మేడ మీద తోటకు నీళ్ళు పెట్టే చిన్న ట్యాంకు ఖాళీగా పడి ఉంది. తోముకొని కడిగినా. డ్రమ్ములోని సరుకంతా బకెట్లతో మోసి అందులో పోసినా. దివానియాలో చేతులు కడుక్కునే బేసిన్‌కు వచ్చే లైను కోసి, ఈ ట్యాంకుకు కలిపినా. తిప్పి చూస్తే... ఆహా! నురగతో సహా! సామ్యేలు చేతులు జోడించినాడు. "మీరు ఇంజినీరు కావాల్సినోరండీ బాబూ" అన్నాడు. నాకు ఇంకో అడుగు పొడవు పెరిగినట్టు అనిపించింది.

ఇక మాంసం. పెద్ద ఫ్రీజర్లో జింక తొడ ఉంది, చెవులపిల్లులు ఉన్నాయి. చిన్న ఫ్రీజర్ తెరిస్తే అడుగు నుంచి పైదాకా కౌజు పిట్టలు. ఒలిచి, శుభ్రం చేసి, కవర్లలో పెట్టినవి. అన్నీ ఒక తీరు, కొన్ని మాత్రం ఇంకో తీరు. వాటి కాళ్ళకు ఎర్ర దారం కట్టి ఉంది.

"ఈ దారం ఏంది సామ్యేలన్నా?"

"నాకు తెలీదండీ. ఈ చిన్న పెట్టె డేగల భాయ్ చూసుకునేవాడు. అదేనండీ, మా అయ్యగారి వేట డేగలు లేవా, వాటికి కాపలా. ఆ డేగల్ని తీసుకుని సౌదీకి పారిపోయాడు. దారం ఎందుకు కట్టాడో మరి."

"నాకు తెలుసు" అన్నా.

ఆ రెండు మాటలే కొంప ముంచినాయి. మా ఊర్లో గంగమ్మకు మొక్కుకున్న పుంజుకు కాలికి ఎర్ర దారం కట్టి వదుల్తారు. దాన్ని మామూలు రోజుల్లో ఎవరూ ముట్టరు. జాతర నాడు కోసి, తొలి ముక్క ఊరి పెద్దమనిషికి పెడతారు. దారం కట్టినారంటే అది ప్రత్యేకం అన్నమాట! అరబ్బులకు గంగమ్మ యాడిదిరా అని నా బుర్రకు తట్టాల కదా? తట్టలేదు. "ఇవి పెద్దవాళ్ళ కోసం తీసి పెట్టినవి. ఓబులేసన్నకు ఇవే పెట్టు, మిగతావాళ్ళకు వేరేవి" అని ఆర్డరు వేసినా.

శుక్రవారం మధ్యాహ్నం ఓబులేసన్న బస్సు తీసుకొని వచ్చినాడు. ముప్పావు బజారంత బస్సును విల్లా వాకిట్లో పెట్టి, ఉతికిన చొక్కా వేసుకొని దిగినాడు. మెత్తటి దిండ్లకు ఆనుకొని కూర్చోగానే షేకు మాదిరి అయిపోయినాడు. నేను బేసిన్ దగ్గర గ్లాసు పట్టుకొని, "తిప్పన్నా" అన్నా.

తిప్పినాడు. బుస్సుమని నురగ! ఆయన నోరు తెరుచుకొని అట్లే నిలబడిపోయినాడు. "నాయనా నరసింహులూ... బొంబాయిలో కూడా ఇంత బాగా రాలేదురా!"

మొదట చెవులపిల్లి వేపుడు వచ్చింది. తర్వాత జింక కూర. ఆ తర్వాత సామ్యేలు పెద్ద పళ్ళెంలో మిరియాలు, అల్లం దట్టించి వేయించిన కౌజులు తెచ్చి, ఎర్ర దారం కనిపించేటట్టు కాళ్ళు పైకి పెట్టి ముందుంచినాడు. ఆ దారం కథ చెప్పినా. ఓబులేసన్న కళ్ళు చెమర్చినాయి. "మనల్ని ఈ దేశంలో మనిషి కింద చూసినోడు లేడు. నువ్వు నాకు తొలి ముక్క పెట్టినావు కదరా" అన్నాడు. ఆయన ఒక్కొక్క పిట్టను ఎముకలతో సహా నమిలి, దారాలు మాత్రం పళ్ళెం అంచున వరసగా పేర్చినాడు. నేను కూడా ఊరికే ఉన్నానా? ఆయన వద్దంటున్నా వినకుండా రెండు లాగించేసినా. సామ్యేలు వడ్డనలో పడి తినలేదు. అదృష్టవంతుడు!

తిండి అయినాక ఇంకో గ్లాసు పట్టుకొని, తేన్చి, మీసం తుడుచుకొని ఆయన నా భుజం మీద చెయ్యి వేసినాడు.

"నరసింహులూ, ఆ ఇంజను పెట్టె మీద చోటు ఉండాది చూడు..."

"చెప్పన్నా."

"దాని గురించి నేనొక మాట అనుకున్నా..."

"చెప్పన్నా!"

చెప్పలేదు. ఆయన ముఖంలో ఏదో మారిపోయింది. చెయ్యి నా భుజం మీద నుంచి మెల్లగా తన పొట్ట మీదికి పోయింది. "బాత్రూం యాడ?" అన్నాడు. నేను చూపించేలోపల మనిషి లేడు. తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

సరే, వస్తాడు, మాట పూర్తి చేస్తాడు అని కూర్చున్నా. కాసేపటికి లోపల్నుంచి కేక.

"రేయ్ నరసింహులూ! నీళ్ళేవిరా?"

"కొళాయి తిప్పన్నా, వస్తాయి!"

కొళాయి తిప్పిన చప్పుడు. ఆ తర్వాత...

"ఒరేయ్! వస్తాండేది నీళ్ళు కాదురా!"

అప్పుడు వెలిగింది. బేసిన్‌కూ ఆ బాత్రూంకూ ఒకటే లైను! ఇన్నేళ్ళు ప్లంబరు పని చేసి, ఇంట్లో అడుగుపెట్టగానే చూడాల్సిన సంగతి చూడలేదు. మేము చేతులు బకెట్ నీళ్ళతో కడుక్కున్నాం కాబట్టి బాత్రూం వైపు ఎవరూ పోనేలేదు. బేసిన్‌లో కొళాయి తిప్పి చూస్తే సన్నటి ధార, ఆ తర్వాత అదీ లేదు. ఆయన లోపల ఫ్లష్ కూడా లాగినట్టున్నాడు. మేడ మీద ట్యాంకు ట్యాంకు ఖలాస్!

"అయ్యయ్యో, నా పది రోజుల కష్టమండీ!" అని సామ్యేలు ఒక పక్క గుండెలు బాదుకుంటున్నాడు. "నీళ్ళు తే! లేకుంటే నిన్ను చంపుతా!" అని లోపల్నుంచి ఇంకో పక్క. వంటింటి కొళాయి నుంచి బకెట్లు మోస్తున్నా. ఒక బకెట్ ఇచ్చి వస్తే ఇంకోటి. ఆయన బయటికి వస్తాడు, రెండడుగులు వేస్తాడు, మళ్ళీ లోపలికి పోతాడు. మూడో బకెట్ దించుతూ ఉంటే నా పొట్టలో కూడా ఏదో పలకరించింది. ఉన్నది ఒకటే బాత్రూం. అసలు ఇంటికి మామా తాళం! తలుపు కొట్టి, "అన్నా, తొందరగా..." అన్నా. లోపల్నుంచి ఆయన అన్న మాట ఇక్కడ చెప్పకూడదు, ఆడవాళ్ళున్నారు.

ఆ గోలకు విల్లా గేటు దగ్గర ఉండే ముసలి హారిస్, అదే వాచ్‌మన్, ఈజిప్టు ఆయన, లోపలికి వచ్చినాడు. ఏమైందని చేత్తో అడిగినాడు. నేను పొట్ట చూపించినా. ఆయన పళ్ళెం వైపు చూసినాడు. ఎముకలు చూసినాడు. అంచున వరసగా పేర్చిన ఎర్ర దారాలు చూసినాడు. ఒక దారం చేతిలోకి తీసుకొని, "మీన్ అకల్ హాదా?" అన్నాడు. ఎవరు తిన్నారు ఇవి అని. నేను నన్నూ, బాత్రూంనూ చూపించినా.

ఆయన కింద కూర్చుండిపోయినాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నా. నవ్వుతున్నాడు! మాట రాక భుజాలు ఎగరేస్తున్నాడు. కాసేపటికి తేరుకొని, రెండు చేతులూ రెక్కల్లాగా ఆడించి, "సకర్! సకర్ దవా!" అన్నాడు. సకర్ అంటే డేగ. దవా అంటే మందు.

ఆయన అరబ్బీని సామ్యేలు విడమర్చి చెప్తే తెలిసిన సంగతేమంటే, ఆ చిన్న ఫ్రీజర్లో ఉన్నవి అసలు మనుషుల తిండి కాదు. డేగలకు మేత! వేట మొదలయ్యే ముందు డేగల పొట్ట శుభ్రం కావాలని డాక్టరు ఇచ్చిన మందును భాయ్ కొన్ని పిట్టల లోపల కూరి పెట్టేవాడంట. కలిసిపోకుండా వాటికి ఎర్ర దారం కట్టేవాడంట. ఒక డేగకు ఒక పిట్ట చాలంట. ఒక్కటి!

"మరి వండేటప్పుడు చూసుకోలేదా?" అని సామ్యేలును అడిగినా.

"తెల్లగా ఏదో ఉందండీ. కొవ్వు అనుకున్నాను" అన్నాడు పాపం.

చీకటి పడకముందే క్యాంపు చేరాల. కర్ఫ్యూ! ఓబులేసన్న బస్సు ఎక్కినాడు. స్టీరింగు ముందు కూర్చోలేదు, దాన్ని కరుచుకొని వేలాడినాడు. నేను ఆ ఇంజను పెట్టె మీదే కూర్చున్నా, కాళ్ళు ముడుచుకొని, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ. దారిలో ఎన్నిసార్లు బస్సు ఆగిందో అడగకండి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఫహాహీల్ రోడ్డు మీద చెక్‌పోస్టు. ముందున్న రెండు బస్సుల్లో వాళ్ళందరినీ దింపేసి, బస్సులు పక్కకు తీసి పెట్టుకున్నారు. పెద్ద మీసాల సిపాయి ఒకడు వచ్చి తలుపు మీద తుపాకీతో కొట్టినాడు. "ఇన్‌జల్! మిఫ్తాహ్!" దిగు, తాళం ఇయ్యి అని.

అయిపోయింది అనుకున్నా. క్యాంపులో బస్సు నిండా మనుషులు మూటలు కట్టుకొని కూర్చున్నారు. ఆ ఒక్క బస్సు పోతే అందరూ ఇక్కడే! నా వల్ల! లక్ష్మిదేవి ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. పిట్టలు తినకపోతే మేము ఇంత ఆలస్యంగా ఈ రోడ్డు మీదకు వచ్చేవాళ్ళమే కాదు కదా అని ఏడుపు కూడా వచ్చింది.

ఓబులేసన్న దిగి, తాళం కోసం చొక్కా ఎత్తి మొలతాడు పట్టుకున్నాడు. పట్టుకొని అట్లే ఆగిపోయినాడు. సిపాయి "యల్లా! యల్లా!" అని తొందర పెడుతున్నాడు. అంతే, తాళం పట్టుకున్న మనిషి పట్టుకున్నట్టే ఇసక బస్తాల వెనకాలకు లగెత్తినాడు! సిపాయి తుపాకీ నా మీదికి తిప్పినాడు. నేను చేతులు పైకెత్తి, "మరీద్! వాజిద్ మరీద్!" అన్నా. జబ్బు, చాలా జబ్బు అని. అనేలోపల నాకూ వచ్చింది. చేతులు పైకెత్తుకునే నేనూ ఇసక బస్తాల వెనకాలకు!

సిపాయి బస్సులోకి ఒక కాలు పెట్టి, లోపల గాలి పీల్చి, గబుక్కున వెనక్కి దిగినాడు. ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకొని, "కొలేరా?" అని అరిచినాడు, కలరానా అని.

నాకు వచ్చిన అరబ్బీ అంతా ఖర్చయిపోయింది. వాడు ఏమడిగినా "నామ్! నామ్!" అన్నా. అవును, అవును అని.

"రూహ్! రూహ్!" పోండి, పోండి! వాడే పోయి అడ్డం కట్టెలు తీసినాడు. మిగతా సిపాయిలు కూడా దూరం నుంచే చేతులు ఊపినారు. కువైట్ మొత్తంలో మిలిటరీ వాళ్ళు దండం పెట్టి పంపిన బస్సు మాదొక్కటే!

శనివారం తెల్లారి బయల్దేరాల్సిన బస్సు. డ్రైవరు మంచం దిగితే కదా! ఆదివారానికి గాని ఆయన ముఖంలో రంగు రాలేదు. అదీ మా లేటు సంగతి.

బస్సు కదిలేముందు నేను పక్కన తలొంచుకొని నిలబడినా. ఇక నాకు చోటు ఏం వస్తుంది? ఓబులేసన్న నన్ను పైనుంచి కింది దాకా చూసినాడు.

"బస్సు దక్కింది నీ వల్లేరా" అన్నాడు.

"అన్నా..."

"నా పేగులు పోయింది కూడా నీ వల్లే."

"అన్నా..."

"ఎక్కు. నిన్ను ఈడ వదిలిపెడితే ఇంకెవరికి ఏం తినిపిస్తావో!"

ఎక్కినా. ఏడ్చినా కూడా, ఎవరికీ కనబడకుండా. కానీ ఒక షరతు పెట్టినాడు. దారి పొడుగునా, ఇక్కడ ఈ గుడారాల్లో కూడా, ఆయన నోట్లోకి ఏది పోవాలన్నా ముందు నేను తినాల. తిన్నాక కదలకుండా ఆయన ఎదురుగా కూర్చోవాల. నా ముఖం మారలేదని నమ్మకం కుదిరినాకనే ఆయన ముద్ద ముట్టేది. నీళ్ళు ఇచ్చినా వాసన చూసి, "ఇది ఏ లైనులో నుంచి తెచ్చినావురా?" అని అడుగుతాడు.

ఈ ప్యాకెట్ సంగతి అడిగినారు కదా. పొద్దున సాయం చేసేవాళ్ళు ఆయనకు ఇచ్చినారు. మంచి క్రీము బిస్కెట్లు. ఆయన ఆకలి మీద ఆత్రంగా తీసుకొని, చించబోయి, ఆగిపోయినాడు. చూడండి, ఇక్కడ, ప్యాకెట్ విప్పడానికి చుట్టూ సన్నగా ఎర్ర దారం ఉంది కదా? అది చూసినాడు. ప్యాకెట్ నా ఒళ్ళో పెట్టి, అటు తిరిగి పడుకున్నాడు.

నిజం చెప్తున్నా, నాకూ విప్పడానికి ధైర్యం చాలలేదు.

టీలోకి బాగుంటాయి. ముందు మీరు తీసుకోండి. నేను కొంచెంసేపు మీ ముఖాలు చూస్తా.